మింగినట్టు రాసుకున్నారు: కరీంనగర్ ఇళ్లల్లోకి వచ్చిన బోదకాలు గోలీ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక గోలీ గురించి. తెల్లగా, చిన్నగా ఉంటుంది. పేరు డీఈసీ. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వైపు పెరిగినవాళ్లయితే ఏదో ఒక ఏడాది మీ ఇంటికి కూడా వచ్చే ఉంటుంది. ఆశా అక్క గడప దగ్గర నిలబడి, మీ వయసు అడిగి, చేతిలో మూడు గోలీలు పెట్టి, దాంతోపాటు నమిలే గోలీ ఇంకొకటి ఇచ్చి, రిజిస్టర్‌లో టిక్కు పెట్టుకొని పక్కింటికి పోయి ఉంటుంది. మీరు మింగారా?

నేను మింగలేదు. 2008 ప్రాంతంలో, ఇంటర్ చదివేటప్పటి సంగతి. గోలీలు జేబులో వేసుకొని, బయటికి పోయి మోరీలో పడేశా. నా పేరు పక్కన మాత్రం టిక్కు ఉంది. సర్కారు లెక్కలో నేను మింగినవాణ్ణే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మంచిర్యాల ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. వాళ్ల అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్. మన శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే నరాల మీది పొరను తినేసే జబ్బు. ఒకసారి చూపు మసకబడుతుంది, ఇంకోసారి కాలు తిమ్మిరెక్కి నడవరాదు. కొత్త మందు ఒకటి రాశారట. "వేయించాల్నా వద్దా అన్నా, నువ్వు హిస్టరీ చదువుతవ్ కదా, ఏమంటవ్?" అన్నాడు. నేను డాక్టర్ను కానురా అన్నా. కానీ ఒక మందును జనం ఎట్లా తూచారు, ఎక్కడ తప్పు తూచారు అంటే మాత్రం నాకు తెలిసిన కథ ఒకటుంది. మా ఇంట్లో జరిగిందే. ఆ జబ్బు వేరు, ఈ జబ్బు వేరు. ఆ తేడా దగ్గరికి మళ్లీ వస్తా.

ముందు జబ్బు సంగతి. మా నాయినమ్మకు ఎడమకాలు బోదకాలు. నాకు ఊహ తెలిసేసరికే ఆ కాలు మోకాలి కింద నుంచి స్తంభం లెక్క ఉండేది. ఏడాదికి రెండు మూడుసార్లు గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం వచ్చి, నాలుగు రోజులు మంచం దిగకపోయేది. ఊళ్లో చాలామంది ఇది నీళ్ల వల్ల వస్తుందనుకునేవాళ్లు. కొందరు పాపం అనేవాళ్లు, అది వేరే సంగతి. నిజానికి ఇది పురుగు. దారం లాంటి సన్నటి పురుగు, పేరు వుచరేరియా బ్యాంక్రాఫ్టి. మన ఒంట్లో లింఫ్ నాళాల్లో కాపురం పెడుతుంది. ఏళ్ల తరబడి బతుకుతుంది. నాళాలు పాడై, ద్రవం కిందికి దిగి నిలిచిపోయి, కాలు ఉబ్బుతుంది. మగవాళ్లలో వరిబీజం కూడా వస్తుంది. దాని గురించి ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి మనకు కనిపించే బోదకాళ్ల కంటే అసలు జబ్బు ఎప్పుడూ ఎక్కువే.

ఈ పురుగు పెట్టే పిల్లల్ని మైక్రోఫైలేరియా అంటారు. అవి రక్తంలో తిరుగుతాయి, అదీ రాత్రిపూటే. పగలు ఊపిరితిత్తుల లోపలి రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి దోమ కుట్టే టైమ్‌కి చర్మం దగ్గరికి వస్తాయి. దోమ ఆ రక్తం పీల్చి, లోపల కొన్ని రోజులు పెంచి, ఇంకొకరికి ఎక్కిస్తుంది. 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మ్యాన్సన్ అనే డాక్టర్ ఈ పురుగు పిల్లలు దోమ కడుపులో పెరగడం చూశాడు. రోగాన్ని దోమ మోస్తుందని చెప్పడానికి అదే తొలి మెట్టు. ఇరవై ఏళ్ల తర్వాత 1897లో మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా సంగతి తేల్చింది ఆ దారిలో నడిచే.

అందుకే మా ఊళ్లోకి రక్తం తీసేవాళ్లు రాత్రి వచ్చేవాళ్లు. అన్నాలు తినే టైమ్ దాటాక, టార్చిలైటు పట్టుకొని, వేలు గుచ్చి గాజుపలక మీద చుక్క తీసుకునేవాళ్లు. చిన్నపిల్లలకు అది దయ్యాల కథ లెక్క. సగం ఇళ్లు వాళ్లు వస్తున్నారంటేనే తలుపులు పెట్టుకునేవి.

ఆదిలాబాద్ వైపు చూసేవాళ్లు "మా దగ్గర ఇది అంతగా వినలేదే" అనొచ్చు. దోమ తేడా. ఏజెన్సీలో వాగుల్లో, చెలిమల్లో పెరిగే అనాఫిలిస్ మలేరియా తెస్తుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌కు మురికి కావాలి. మోరీ, సెప్టిక్ ట్యాంకు, బాత్రూమ్ నీళ్లు నిలిచే గుంత. ఊరు పెరిగి, ఇళ్లు పెరిగి, మోరీలు మాత్రం పూర్తికాని చోటల్లా దానికి పండగే. జబ్బుకు గోలీ వచ్చింది కానీ మోరీకి మూత రాలేదు. నాకైతే ఈ కథలో అన్నింటికంటే పెద్ద కోపం అక్కడే.

సరే, గోలీ ఎట్లా పుట్టింది? దీని వెనక మన తెలుగాయన ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకొని తెల్ల ప్రొఫెసర్‌కు కోపం తెప్పించాడు, ఎంబీబీఎస్ బదులు కింది స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. 1923లో అమెరికా పోయాడు. హార్వర్డ్‌లో పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. ఆయన గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఫోలిక్ ఆసిడ్, మెథోట్రెక్సేట్ దారి, అవన్నీ మళ్లీ చెప్పను.

మనకు కావాల్సింది ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులు వేలమందికి ఈ ఫైలేరియా తగిలింది. అప్పటిదాకా బోదకాలు అంటే పేద దేశాల జబ్బు, ఎవరికీ పట్టలేదు. తమ సైనికుల ఒళ్లు వాచేసరికి పరిశోధన పరుగెత్తింది. అప్పటికి చేతిలో ఉన్నవి ఆంటిమొనీ, ఆర్సెనిక్ కలిసిన మందులు. పురుగుతోపాటు మనిషిని కూడా ఇబ్బంది పెట్టే సరుకు. లెడర్లీలో సుబ్బారావు నడిపిన టీమ్, హ్యూవిట్ తదితరులు, కాటన్ ర్యాట్ అనే ఎలుకలకు వచ్చే ఇలాంటి పురుగు మీద వరసగా రసాయనాలు వేసి చూశారు. పైపరజీన్ జాతి రసాయనం ఒకటి తగిలింది. అదే డైఇథైల్ కార్బమజీన్, మన డీఈసీ. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. 1947లో ప్యూర్టోరికోలో మనుషుల మీద వాడిన ఫలితాలు అచ్చయ్యాయి. నోటితో మింగే మందు, రక్తంలోని పురుగు పిల్లల్ని తుడిచిపెట్టేస్తుంది. 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే చనిపోయాడు. ఆ మందు తన దేశంలో ఏం చేసిందో ఆయన చూడలేదు.

మన దేశం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి ఆలోచన సూటిగా ఉండేది. జబ్బున్న ఊళ్లలో అందరికీ డీఈసీ పంచుదాం. పంచారు. జనం తిరగబడ్డారు. కొట్లాట అని కాదు, మింగడం మానేశారు. గోలీ వేసుకుంటే జ్వరం వస్తుంది, తల తిరుగుతుంది, వాంతి అవుతుంది అని. కొన్నేళ్లకే ఊరందరికీ పంచడం ఆపేసి, రాత్రి రక్తం తీసి, పురుగు కనబడినవాళ్లకే పన్నెండు రోజుల కోర్సు ఇచ్చే పద్ధతికి మారారు. దోమ పిల్లల్ని చంపడానికి మోరీల్లో మందు కొట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ జ్వరం ఎందుకొచ్చింది? డీఈసీకి కొంత సొంత వికారం ఉంది, ముఖ్యంగా ఖాళీ కడుపున వేసుకుంటే. కానీ జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు మందు వల్ల కాదు. రక్తంలో ఉన్న పురుగు పిల్లలు ఒక్కసారిగా చస్తే, ఆ చచ్చిన సరుకు మీద మన శరీరం చేసే గొడవ అది. అంటే రక్తంలో పురుగులు ఎక్కువున్నవాడికే జ్వరం ఎక్కువ. ఏమీ లేనివాడికి చాలాసార్లు ఏమీ కాదు. ఎవడికి ఈ గోలీ అందరికంటే ఎక్కువ అవసరమో వాడే మర్నాడు పొద్దున "ఈ గోలీ నన్ను సంపింది" అని ఊరంతా చెప్తాడు. మందు పనిచేసిందనడానికి ఉన్న గుర్తే, మందు చెడ్డదనడానికి సాక్ష్యం అయిపోయింది.

మా ఇంట్లో అదే జరిగింది. నేను గోలీలు మోరీలో వేసిన ముందటేడు మా కాక వేసుకున్నాడు. పొద్దున్నే, ఏం తినకుండా. సాయంత్రానికి జ్వరం, రెండు వాంతులు. సింగరేణిలో రెండు షిఫ్టులు పోయాయి. కూలి పోయినట్టే కదా. "మంచిగున్నోనికి మందెందుకురా?" అని ఆయన అన్న మాట మా వాడలో పదేళ్లు తిరిగింది. ఆయన రక్తం అప్పుడు ఎవరూ చూడలేదు. పురుగులు చచ్చి వచ్చిన జ్వరమా, ఖాళీ కడుపు వల్లనా అన్నది నేను ఇప్పుడు గట్టిగా చెప్పలేను. కానీ ఆ గోలీ ఇచ్చిన మనిషి "జ్వరం రావచ్చు, వస్తే ఇందుకు వస్తది, అన్నం తిని వేసుకో" అని ఒక్కమాట చెప్పి ఉంటే సగం కథ మారేది.

మంచిగున్నోనికి మందెందుకు అనే ప్రశ్న తెలివితక్కువది కాదు. జవాబు ఉంది, కానీ కొంచెం లెక్క అర్థం కావాలి. డీఈసీ పురుగు పిల్లల్ని బాగా చంపుతుంది, పెద్ద పురుగును అంత బాగా చంపలేదు. పెద్ద పురుగు నాలుగైదేళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ బతికి, మళ్లీ పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. కాబట్టి ఏడాదికోసారి చొప్పున, పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా, రక్తాన్ని శుభ్రంగా ఉంచాలి. ఊళ్లో కనీసం 65 శాతం మంది వరసగా ఐదారేళ్లు మింగితే దోమకు ఎక్కించుకోవడానికి పురుగు దొరకదు, గొలుసు తెగుతుంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లెక్క. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, బాగా జబ్బుపడ్డవాళ్లు మినహా అందరూ. 2004లో మన దేశం మళ్లీ ఊరందరికీ గోలీ పద్ధతికి వచ్చింది, ఈసారి ఏడాదికి ఒకేరోజు డోసుతో. తర్వాత పురుగుల మందు ఆల్బెండజోల్ కలిపారు. 2015కల్లా జబ్బు లేకుండా చేస్తామన్నారు. ఆ గడువు దాటింది, తర్వాతి గడువులూ దాటాయి. ఇప్పుడు 2027 అంటున్నారు.

ఎందుకు దాటాయంటే కారణాలు చాలా. అందులో ఒకటి నేను. నాలాంటివాళ్లు. పంచిన లెక్క వేరు, మింగిన లెక్క వేరు. రిజిస్టర్ చూస్తే ఊరంతా మింగింది. తర్వాత ఎవరైనా ఇల్లిల్లూ తిరిగి అడిగితే గోలీలు అల్మారాలో, కిటికీలో, పోపుల డబ్బా పక్కన. ఆశా అక్కను తప్పుపట్టడం ఈజీ. ఒక్కో మనిషి ముందు నిలబడి మింగేదాకా చూడాలంటే ఆమెకు ఎన్ని గంటలు కావాలి, ఎన్ని రూపాయలు ఇస్తున్నారు, అది కూడా అడగాలి. చైనా వాళ్లు ఈ తలనొప్పి లేకుండా చాలాచోట్ల డీఈసీని ఉప్పులోనే కలిపేశారు. 2007లో ఆ దేశం బోదకాలు నుంచి బయటపడ్డట్టు గుర్తింపు వచ్చింది. చెప్పి కలిపినా చెప్పకుండా కలిపినా, ఇంట్లో ఉప్పు ఒకటే అయినప్పుడు వద్దనే హక్కు ఎవరికి మిగులుతుందన్నది వేరే ప్రశ్న. నేను ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పుడు కొత్త మందు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందుల పద్ధతిని సిఫార్సు చేసింది. డీఈసీ, ఆల్బెండజోల్, వాటికి తోడు ఐవర్‌మెక్టిన్. అవును, కోవిడ్ టైమ్‌లో వాట్సాప్‌లో తిరిగిన ఐవర్‌మెక్టినే. కోవిడ్‌కు పనికిరాలేదు కానీ పురుగుల విషయంలో అది నిజంగా గొప్ప మందు. కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది. పాపువా న్యూగినీలో చేసిన ట్రయల్లో మూడు మందులు ఒక్కసారి వేస్తే, ఏడాది తర్వాత చూసినా 96 శాతం మంది రక్తంలో పురుగు పిల్లలు లేవు. పాత రెండు మందులు ఒక్కసారి వేసినవాళ్లలో 32 శాతమే. 96 ఎక్కడ, 32 ఎక్కడ! పేపర్లో హెడ్డింగ్ అయితే ఇక్కడితో అయిపోతుంది.

కానీ అదే ట్రయల్లో ఇంకో గ్రూపు ఉంది. పాత రెండు మందులనే ఏడాదికోసారి మూడేళ్లు వేసుకున్నవాళ్లు. మూడేళ్ల చివర వాళ్లలో 98 శాతం మంది రక్తం శుభ్రం. అంటే పాత మందు పనికిరానిది కాదు. ఏటా తప్పకుండా మింగితే అదీ అక్కడికే చేరుస్తుంది. కొత్తదాని గొప్పతనం ఏమిటంటే, మనం మధ్యలో ఎగ్గొడతామని తెలిసి ఒక్క డోసులోనే పని కానిస్తుంది. తర్వాత భారత్‌తో కలిపి ఐదు దేశాల్లో 26 వేల మందికి పైగా ఇచ్చి చూశారు. మన దేశంలో అది కర్ణాటకలోని యాద్గిర్‌లో జరిగింది, మన తెలంగాణకు ఆనుకొని ఉన్న జిల్లానే. మూడు మందులు రెండు మందులకంటే ప్రమాదమని తేలలేదు. రక్తంలో పురుగులున్నవాళ్లకు ఇబ్బంది ఎక్కువ అన్న పాత సంగతి ఇక్కడా కనిపించింది.

ఇంకొక ముక్క. ఇదే డీఈసీని ఆఫ్రికాలో నది పక్కల వచ్చే ఆంకోసెర్కా పురుగు ఉన్న ప్రాంతాల్లో బోదకాలు కోసం పంచరు. ఆ పురుగు పిల్లలు కంట్లో ఉంటాయి. డీఈసీతో అవి చస్తే కన్ను దెబ్బతినొచ్చు. ఐవర్‌మెక్టిన్‌కూ ఒక గండం ఉంది. మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే పురుగు రక్తంలో బాగా ఎక్కువున్న మనిషికి ఇస్తే మెదడుకు ప్రమాదం. ఆ రెండు పురుగుల బెడద మన కరీంనగర్‌లో లేదు. అందుకని "ఆఫ్రికాలో ఈ మందు వేసుకుంటే ఇట్లయ్యింది" అని ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియో నిజమే అయినా, మన ఊరికి వర్తించదు.

మంచిర్యాల ఫ్రెండ్ అక్క దగ్గరికి వస్తా. మల్టిపుల్ స్క్లెరోసిస్ మందుల చరిత్రలో నటాలిజుమాబ్ అని ఒకటుంది. 2004 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు తిరగబెట్టడాన్ని మూడింట రెండొంతులు తగ్గించింది. 2005 ఫిబ్రవరిలో అమ్మకం ఆపేశారు. కొద్దిమందికి మెదడులో పీఎంఎల్ అనే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ వచ్చింది, ప్రాణాలు పోయాయి. తర్వాత జరిగింది చూడండి. 2006 మార్చిలో అధికారులు విచారణ పెడితే, రోగులే వచ్చి కూర్చొని, ప్రమాదం మాకు తెలుసు, మందు మాకు తిరిగి ఇవ్వండి అని అడిగారు. ఆ జూన్‌లో గట్టి నిఘాతో, ప్రతి రోగినీ నమోదు చేసే షరతుతో అది తిరిగొచ్చింది.

అక్కడ ప్రాణం పోయే ప్రమాదం ఉన్న మందును జనం కావాలన్నారు. మా వాడలో ఒకరోజు జ్వరం తెచ్చే గోలీని వద్దన్నాం. వాళ్లు ధైర్యవంతులు, మేము మూర్ఖులం అని కాదు. వాళ్ల తక్కెడలో రెండు పళ్లేలూ ఒకే మనిషివి. లాభం తనదే, నష్టం తనదే. పైగా జబ్బు ఏం చేస్తుందో రోజూ ఒంట్లో కనబడుతోంది. డీఈసీ తక్కెడ అట్లా కాదు. జ్వరం ఈ రాత్రి మా కాకకు వస్తుంది. లాభం ఇరవై ఏళ్ల తర్వాత, ఇంకా పుట్టని ఏ పిల్లకో, అదీ కనబడకుండా. రాని బోదకాలును ఎవరు చూస్తారు?

చూసిన మనిషి ఒకరున్నారు మా ఇంట్లో. ఆ 2008లోనే, నేను పక్కనే ఉన్నా. నాయినమ్మ ఆశా అక్కను అడిగింది.

"గీ గోలీతోని నా కాలు తగ్గుతదా బిడ్డా?"

"తగ్గదు అవ్వా. వాపు గట్టిపడినంక గోలీతోని పోదు. రోజూ సబ్బుతోని కడిగి, తడి లేకుండ తుడుసుకో. పండుకున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకో. జరాలు తగ్గుతయ్."

"మరి నాకెందుకు గోలీలు?"

"నీ నెత్తుర్ల ఇంకా పురుగు ఉంటే దోమ గుంజుకపోయి నీ మనుమనికి పెడ్తది గద అవ్వా."

నాయినమ్మ నా దిక్కు చూసింది. చెంబుతో నీళ్లు తెచ్చుకొని మూడు గోలీలూ ఒకేసారి మింగేసింది. అప్పుడే నేను నావి జేబులో వేసుకున్నా.

2018లో బోదకాలు ఉన్నవాళ్లకు ఆసరా పింఛను మొదలైంది, నెలకు వెయ్యి రూపాయలు. మరుసటేడు 2,016 అయ్యింది. నాయినమ్మ ఆ డబ్బులో సబ్బులకని పక్కన పెట్టుకునేది. కాలు కడుక్కోవడం చివరిదాకా మానలేదు. జ్వరాలు నిజంగానే తగ్గాయి.

నా రక్తం రెండేళ్ల కింద పరీక్ష చేయించుకున్నా. ఇప్పుడు రాత్రిదాకా ఆగనక్కర్లేని స్ట్రిప్ టెస్ట్ కూడా ఉంది, పగలే తేలిపోతుంది. నెగటివ్. అదృష్టం అంతే, నా గొప్ప ఏం లేదు.

మంచిర్యాలవాడికి నేను చెప్పింది ఇది. ఆ మందు ఏం ఆపుతుంది, ఇప్పటికే పోయినదాన్ని తిరిగి తెస్తుందా తేదా, ప్రమాదం వస్తే ముందు ఏ గుర్తు కనబడుతుంది, ఏ పరీక్షతో కనిపెడతారు, ఎన్ని నెలలకోసారి. ఈ నాలుగూ పేపర్ మీద రాసుకొని డాక్టర్‌ను అడగమన్నా. అడిగేది అక్కనే అడగనీ, నువ్వు పక్కన కూర్చో అన్నా. అపాయింట్‌మెంట్ సోమవారం ఉంది. ఏమన్నారో వాడు ఫోన్ చేస్తానన్నాడు.

ఉంటా మరి.